గురువారాలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి

నా స్నేహితురాలి పేరు ఇక్కడ రాయడం లేదు, తనే వద్దంది. తెలిసినవాళ్ళకి ఎలాగూ తెలుసు. తెలియనివాళ్ళకి, వాళ్ళాయనకి మెదడులో కేన్సర్ వచ్చిందని, ఇద్దరు పిల్లల్ని, పెద్దావిడ అత్తగారిని పెట్టుకుని అది ఒక్కతే ఇల్లూ ఆస్పత్రీ నెట్టుకొస్తోందని తెలిస్తే చాలు. ఆరో తరగతి నుంచి మేమిద్దరం ‘ఏమే’, ‘ఒసేయ్’ అనుకోవడమే తప్ప ఇంకోలా పిలుచుకోలేదు కాబట్టి ఇక్కడా ‘అది’ అనే రాస్తాను. వాళ్ళాయన్ని నేను అన్నయ్య అంటాను, అలాగే రాస్తాను. వాళ్ళింటికి భోజనం క్యారేజీ పంపే వంతుల్లో గురువారాలు ఇంకా ఖాళీగా ఉన్నాయి, ఆ సాయం అడగడానికే ఇదంతా. రాసిందంతా ముందు దానికి చదివి వినిపించాను. రెండు చోట్ల తీసెయ్యమంది, తీసేశాను.

అన్నయ్యకి బెజవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు ఉంది, లారీ ఇంజన్ల పని. సాయానికి ఇద్దరు కుర్రాళ్ళు. సంక్రాంతి వెళ్ళాక పొద్దున లేవగానే తలనొప్పి మొదలైంది, వాంతి అయితే కాస్త తేలిక పడేది, మధ్యాహ్నానికి మామూలైపోయేవాడు. ఒకచోట గ్యాస్ అన్నారు, ఇంకోచోట సైనస్ అన్నారు, కళ్ళజోడు నెంబరు మారిందని కొత్త కళ్ళజోడు కూడా రాశారు. ఒకరోజు షెడ్డులో కుర్రాడిని స్పానర్ అడగబోతే ఆ మాట నోటికి రాలేదట. చెయ్యి చాపి ‘అదిరా... అదీ... పన్నెండు పదమూడు’ అన్నాడట. సైజు గుర్తుంది, స్పానర్ అన్న మాట లేదు. ఇరవై ఏళ్ళుగా రోజుకి వందసార్లు అనే మాట. కుర్రాళ్ళు నవ్వారు, ఆయనా నవ్వేసి పని చేసుకున్నాడు. తర్వాత ఆ కుర్రాడే ఆస్పత్రి వరండాలో నా పక్కన కూర్చుని ఇది చెప్పి ఏడ్చాడు, ‘ఆ రోజే తీసుకెళ్ళాల్సింది అక్కా’ అని. వాడి తప్పేం లేదు, మాట తడబడితే మెదడులో గడ్డేమో అని ఎవరికి తడుతుంది? కానీ ఇప్పుడు చదువుతున్న మీకు చెప్తున్నా, పొద్దుటి తలనొప్పి, వాంతులు, వాటికి తోడు తెలిసిన వస్తువు పేరు తెలియకపోవడం మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే న్యూరో డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఫిబ్రవరి నెలాఖరులో షెడ్డులోనే ఫిట్స్ వచ్చాయి. చుట్టూ ఉన్నవాళ్ళు పాపం తెలిసింది చేశారు, ఒకాయన చేతిలో తాళాల గుత్తి పెట్టి పిడికిలి బిగించాడు, ఇంకొకాయన పళ్ళ మధ్య చెమ్చా పెట్టబోయాడు. దేవుడి దయవల్ల పక్క షెడ్డు ఆయన అడ్డుపడి మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టాడు, తల కింద మడిచిన గోనెసంచి పెట్టాడు. అదే సరైన పని. తాళాలు పెడితే ఫిట్స్ ఆగవు, నోట్లో ఏదైనా పెడితే పన్ను విరగొచ్చు, ఊపిరి ఆడకపోవచ్చు. పక్కకి తిప్పి, చుట్టుపక్కల గుచ్చుకునేవి తీసేసి, టైము చూసుకోవాలి. ఐదు నిమిషాలు దాటితే ఇక ఆగకూడదు, బండెక్కించాలి. అన్నయ్య ఇంటికి వచ్చేవాళ్ళందరికీ ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు చెప్పాకే లోపలికి పంపిస్తున్నాం, ఎందుకంటే మళ్ళీ రావచ్చు.

ఎమ్మారైలో ఎడమవైపు, చెవికి కాస్త పైన గడ్డ కనపడింది. మాటలు పుట్టే చోటుకి దగ్గర. మార్చిలో ఆపరేషన్ చేశారు, మాట పోకుండా ఎంత తియ్యగలరో అంతా తీశారు. బయాప్సీ రిపోర్టు రావడానికి పట్టిన రోజుల్ని నేను మర్చిపోలేను. గ్లియోబ్లాస్టోమా, గ్రేడ్ 4. గ్రేడ్లు నాలుగే. ఇది వేరే ఎక్కడో పుట్టి మెదడుకి పాకింది కాదు, మెదడులోనే పుట్టింది. ‘మొత్తం తీసేశారు కదా సార్, ఇంకా కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, ఎందుకు?’ అని అది అడిగితే డాక్టరుగారు, ఆయనదీ ఈ డెల్టా ఊరేనట, ‘వరిచేలో తుంగ చూశావా అమ్మా? పైకి కనపడేదంతా పీకేస్తాం, మట్టిలో గడ్డలు మిగిలే ఉంటాయి. ఇదీ అంతే’ అన్నారు. రైతు ఇంట్లో పుట్టిన పిల్ల కదా, ఇక రెండో ప్రశ్న అడగలేదు.

ఎందుకు వచ్చిందని అడగని మనిషి లేరు. ఆయనకి సిగరెట్ లేదు, మందు లేదు. సెల్‌ఫోన్ ఎక్కువ మాట్లాడేవాడా అన్నారు, ఆటోనగర్ పొగ అన్నారు, ఇంటి వాస్తు అన్నారు, ఒకావిడైతే దాని మొహం మీదే పోయిన జన్మ పాపం అంది. ఈ జబ్బు వచ్చిన వాళ్ళలో ఎక్కువమందికి కారణం ఏదీ దొరకదని డాక్టర్లు స్పష్టంగా చెప్పారు. అంటుకునేది కాదు. దయచేసి ఆ ప్రశ్న దాన్ని అడగొద్దు. ప్రతిసారీ రాత్రంతా కూర్చుని ‘నేనేం తప్పు వండిపెట్టానే’ అని లెక్కలేసుకుంటుంది.

ఇంకో మాట కూడా రాయాలి. దాన్ని అడిగే రాస్తున్నా. ఇప్పుడు ప్రపంచమంతా ఈ జబ్బుకి ఇచ్చే మొదటి వైద్యం, అంటే ఆపరేషన్ అయ్యాక వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాల రేడియేషన్, దాంతోపాటు టెమోజోలమైడ్ అనే కీమో మాత్రలు, 2005లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనతో స్థిరపడింది. అందులో మాత్రలు కూడా తీసుకున్నవాళ్ళలో సగం మంది 15 నెలల దగ్గర దాకా ఉన్నారు, నలుగురిలో ఒకరు రెండేళ్ళు దాటారు. ఒట్టి రేడియేషన్‌తో రెండేళ్ళు దాటింది పదిమందిలో ఒక్కరే. అన్నయ్య ఆ నలుగురిలో ఒకడు కావాలని మేమంతా మొక్కుకుంటున్నాం, కొండెక్కి అమ్మవారికి చెప్పుకున్నాం. నయమైపోతుందని డాక్టర్లు మాట ఇవ్వలేదు. ఈ ఏడాది ఆ ఇంట్లో నలుగురికీ చాలా విలువైంది. ఆ రోజులు వాళ్ళు బిల్లుల కోసం, డీజిల్ కోసం, రేపటి కూర కోసం పరుగెత్తుతూ గడిపెయ్యకూడదు. ఆయన పక్కన కూర్చుని గడపాలి. నా బాధంతా అదే, అందుకే ఇంత రాస్తున్నాను.

నాకెందుకంత పట్టింది అంటే చెప్తాను. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి మా మీదపడ్డ రోజు. మా ఇల్లు సింగ్‌నగర్‌లో, కింద వాటా. మంచం మునిగింది, మా అమ్మకి మోకాళ్ళు పనిచెయ్యవు, పైవాటా వాళ్ళు నలుగురు పట్టి మెట్లెక్కించారు. రాత్రికి మంచినీళ్ళు అయిపోయాయి, ఫోన్లు చచ్చిపోయాయి. మర్నాడు పొద్దున అన్నయ్య లారీ ట్యూబులు రెండు కలిపి కట్టి, పైన చెక్క బిగించి, ఛాతీ దాకా నీళ్ళలో దాన్ని తోసుకుంటూ వచ్చాడు. ముందు పాల ప్యాకెట్లు ఇచ్చాడు. మా అమ్మని ఆ చెక్క మీద కూర్చోబెట్టి, ‘పెద్దమ్మా, కళ్ళు మూసుకో, నీళ్ళు చూడకు’ అంటూ ఫ్లైఓవర్ దాకా తీసుకెళ్ళాడు. తర్వాత మళ్ళీ వెనక్కి వెళ్ళి మా వీధిలో ఇంకో ముగ్గుర్ని తెచ్చాడు, వాళ్ళెవరో ఆయనకి తెలియదు కూడా. కాళ్ళకి గాజుపెంకులు గుచ్చుకుని పది రోజులు కుంటుతూ నడిచాడు. ఆ మనిషి ఇప్పుడు నా పేరు కోసం వెతుక్కుంటుంటే నేను చూడాల్సి వస్తోంది. మొన్న నన్ను చూసి ‘నీళ్ళు... నీళ్ళు’ అన్నాడు. దాహమేమో అని గ్లాసు ఇస్తే కాదని తలూపాడు. అప్పుడర్థమైంది, ఆయనకి నా పేరు దొరక్క వరద దొరికింది.

ఆపరేషన్ అయిన మొదటి వారం ఆ ఇల్లు పెళ్ళిల్లులా ఉంది. బంధువులు, వీధివాళ్ళు, ఆటోనగర్ వాళ్ళు. ఫ్రిజ్ నిండా యాపిల్స్, హార్లిక్స్ సీసాలు ఏడో ఎనిమిదో. అందరూ దాని చెయ్యి పట్టుకుని ‘ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడుగమ్మా’ అన్నారు, మనస్ఫూర్తిగానే అన్నారు. మూడో వారానికి గుమ్మం దగ్గర చెప్పులు లేవు. ఎవరి మీదా కోపం కాదు, అందరికీ ఉద్యోగాలు, పిల్లలు ఉంటారు. ఒకరాత్రి అది నాతో ‘అడగమన్నారే అందరూ. ఎవర్ని ఏం అడగాలో ఆలోచించడానికి నాకు బుర్ర ఉందంటావా? ఎవరికి ఫోన్ చేసి, రేపు మా వాడిని స్కూలుకి దింపుతారా అని అడగనూ?’ అంది. అదెప్పుడూ ఎవర్నీ చెయ్యిచాచి అడిగిన మనిషి కాదు. ఆ రాత్రే నోటుబుక్కు తీసి, ‘నీ రోజు గంట గంటకీ చెప్పవే, నేను రాసుకుంటా’ అన్నాను.

పొద్దున నాలుగున్నరకి అలారం. ముందు వాంతుల మాత్ర. ఇంకో అరగంటకి పైగా ఆగి పరగడుపున కీమో క్యాప్సూల్, నీళ్ళతో, విప్పకూడదు, నలపకూడదు, అందుకే చేతికి గ్లోవ్స్ వేసుకుని ఇస్తుంది. తర్వాత గంటసేపు ఏమీ తినకూడదు, ఆయనకేమో స్టెరాయిడ్ వల్ల ఆకలి ఆగదు, ఆ గంట ఆయన్ని మాటల్లో పెట్టడం ఒక యుద్ధం. ఫిట్స్ మాత్ర. షుగర్ పరీక్ష, ఎందుకంటే మెదడు వాపు తగ్గడానికిచ్చే ఆ స్టెరాయిడే షుగర్‌ని పెంచింది. పిల్లాడి స్కూలు. అత్తగారి బీపీ మందు. ఆస్పత్రి. తిరిగొచ్చాక వంట. రాత్రి రెండింటికి ఆయన లేచి ఆకలంటాడు, పెసరట్టు పోస్తుంది. నిద్ర పట్టక చికాకుపడి గట్టిగా అరుస్తాడు, అది మందు చేసే పనే అని తెలిసినా మనసు నొచ్చుకుంటుంది కదా. రాసుకుంటూ పోతే రెండు పేజీలు నిండాయి. ఆ రెండు పేజీల్లో అదే చెయ్యాల్సినవి ఎన్ని, ఎవరైనా చెయ్యగలిగినవి ఎన్ని అని ఇద్దరం కూర్చుని గీతలు గీశాం. సగానికి పైగా ఎవరైనా చెయ్యగలిగినవే.

ఆ పేజీ ఫోటో తీసి మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో పెట్టాను. ‘ఏం కావాలో అడగమన్నారుగా, ఇవి కావాలి, పక్కన మీ పేరు రాయండి’ అన్నాను. గంటలో పదకొండు పేర్లు పడ్డాయి.

రేడియేషన్ గుంటూరులో. బెజవాడ నుంచి ముప్పై ఐదు కిలోమీటర్లు, వారధి దాటి, మంగళగిరి, కాజ టోల్‌గేటు. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ మొదటి వారం దాకా, శని ఆదివారాలు తీసేస్తే ముప్పై సిట్టింగులు. ఫిట్స్ వచ్చిన మనిషి బండి నడపకూడదు, బస్సులో ఆ ఎండకి తీసుకెళ్ళలేం. ఆరుగురు వంతులేసుకున్నారు. ఒకాయన పంతులుగారు, వేసవి సెలవులు కాబట్టి వారానికి రెండు రోజులు నావే అన్నాడు. ఒకమ్మాయి మంగళగిరిలో ఉద్యోగం, తిరుగు ప్రయాణం తనది. ఆ మండే ఎండల్లో, రోహిణి కార్తెలో కూడా, ఒక్క సిట్టింగు పోలేదు. ఒక్కటంటే ఒక్కటి. ఇది రాస్తుంటే కూడా నాకు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

కరెంటు పెడతారు అనగానే వాళ్ళ అత్తగారు షాక్ కొడతారనుకుని నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు. నొప్పి ఉండదని, టేబుల్ మీద పడుకోబెట్టి మిషన్ చుట్టూ తిరుగుతుందని, కొద్ది నిమిషాల్లో అయిపోతుందని ఆవిడకి చెప్పేవాళ్ళు లేకపోయారు. కష్టమంతా ఆ మాస్కు. తల కదలకూడదు కాబట్టి, వేడినీళ్ళలో మెత్తబడే ఒక ప్లాస్టిక్ జల్లెడ లాంటిది మొహం మీద సాగదీసి అచ్చు తీస్తారు, ఆరితే గట్టిపడుతుంది, రోజూ దాన్నే మొహానికి పెట్టి టేబుల్‌కి బిగిస్తారు. ఒకరోజు నా వంతు వచ్చి తీసుకెళ్ళాను. బయటికొచ్చేసరికి నుదురంతా, బుగ్గలంతా చిన్న చిన్న గళ్ళు పడి ఉన్నాయి, జల్లెడ అచ్చు. ఇంటికి వచ్చేసరికి కూడా పోలేదు. ఐదో తరగతి పిల్లాడు నాన్న ఒళ్ళో కూర్చుని ఆ గళ్ళ మీద వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతుంటే, ఈయన కళ్ళు మూసుకుని వాడితో పాటు లెక్కపెట్టాడు. ఇరవై ఏడు దాకా ఎక్కడా తడబడలేదు. పేర్లు పోయినా అంకెలు పోలేదు. అది వంటింటి గుమ్మంలో నిలబడి వింటూ ఉంది.

ఆటోనగర్ సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. షెడ్డులో రెండు లారీలు సగం విప్పి ఉండిపోయాయి. ఓనర్లు అడ్వాన్సు వెనక్కి అడగొచ్చు. ఆ వరుసలో ఉన్న మేస్త్రీలు నలుగురు రాత్రి తొమ్మిది తర్వాత తమ షెడ్లు కట్టేశాక వచ్చి, పది రోజుల్లో ఆ రెండు ఇంజన్లూ ఎక్కించి, డబ్బు తెచ్చి దాని చేతిలో పెట్టారు. ఒక్క రూపాయి తీసుకోలేదు. ఆ కుర్రాళ్ళిద్దరినీ పక్క షెడ్డు ఆయన పనిలో పెట్టుకున్నాడు, అన్నయ్య వచ్చేదాకా అనే మాట మీద.

వాళ్ళ అమ్మాయి పదో తరగతి పరీక్షలు మా ఇంట్లో ఉండి రాసింది. లెక్కల పరీక్ష రోజే ఆపరేషన్. నేను చెప్పకూడదనుకున్నా, పిల్లకి తెలిసిపోయింది. పరీక్ష రాసి వచ్చి ‘పిన్నీ, ఆస్పత్రికి వెళ్దాం, పేపరు సంగతి తర్వాత’ అంది. పాసైంది, మంచి మార్కులే. ఇంటర్ ఫీజు ఇద్దరు బ్యాచ్‌మేట్లు పంచుకున్నారు, ఎవరో చెప్పొద్దన్నారు.

డబ్బు గురించి దాపరికం లేకుండా రాస్తాను. రేషన్ కార్డు మీద ఎన్టీఆర్ వైద్య సేవలో, అదే మనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అంటామే అందులో, ఆపరేషన్, రేడియేషన్ జరిగాయి. అది లేకపోతే అప్పుల్లో మునిగిపోయేవాళ్ళు. మీకెవరికైనా ఇలాంటి అవసరం వస్తే ఆస్పత్రిలో ఆ పథకం కౌంటరు ముందు వెతకండి, 104కి ఫోన్ చేసి అడగండి, జేబులోంచి కట్టేశాక అడిగితే లాభం ఉండదు. కానీ మొదట్లో తీసిన స్కాన్లు, బయాప్సీ మీద చేసిన జన్యు పరీక్షలు, బయట కొన్న మందులు, డీజిల్, ఇంటద్దె, ఇవన్నీ చేతివే, సంపాదన సున్నా. కీమో మాత్రలు మనదేశంలోనే చాలా కంపెనీలు చేస్తాయి, బ్రాండుని బట్టి రేటులో చాలా తేడా ఉంది, డాక్టరుని అడిగి తక్కువ రేటుది రాయించుకుంది. పథకంలో రాని ఖర్చులకి ముఖ్యమంత్రి సహాయ నిధికి పెడదామని ఎమ్మెల్యే ఆఫీసులో ఇచ్చాం. ఒరిజినల్ బిల్లులు అడిగారు. మందులషాపు చీటీలు కూడా పారెయ్యకుండా మొదటి రోజు నుంచి ఒక కవర్లో దాచింది కాబట్టి సరిపోయింది.

బ్యాచ్ గ్రూపులో వచ్చిన డబ్బు నేరుగా దాని అకౌంట్‌కే వెళ్తోంది, నా చేతిలోకి రాదు. ఎవరెంత పంపారో ఒక పుస్తకంలో రాస్తున్నాం, నేనూ పంతులుగారూ ఇద్దరం సంతకం పెడతాం. మా క్లాసులో వెనక బెంచీలో కూర్చునే ఒకమ్మాయి ఇప్పుడు టైలరింగ్ చేస్తుంది. తను కడుతున్న చీటీ ఇంకా ఏడు నెలలుంది, తొందరపడి పాడితే నష్టమని అందరికీ తెలుసు. పాట పాడేసి తెచ్చింది. ‘మిషన్ మార్చుకుందామనుకున్నా, పాతది ఇంకో ఏడాది తొక్కితే ఏం పోదు’ అంది. మా స్నేహితురాలు తీసుకోనని ఒకటే గొడవ, ‘ఎలా తీర్చనే నేను?’ అని. నేను బుడమేరు గుర్తుచేశాను. ట్యూబు అద్దె మా అమ్మ ఇంకా ఇవ్వలేదు, ముందు అది తేల్చు అన్నాను. అప్పుడు తీసుకుంది, ఏడుస్తూ.

ఫోటోలు మాత్రం వద్దు. తలకి కుట్లున్న ఫోటో పెడితే డబ్బు త్వరగా వస్తుందని ఎవరో సలహా ఇచ్చారు. అన్నయ్య మాట సరిగా రాకపోయినా ఆ రోజు ‘వద్దు’ అని మూడుసార్లు గట్టిగా అన్నాడు. ఆ మాటకి విలువ ఇవ్వండి. ఎవరి దగ్గరైనా ఉంటే తీసెయ్యండి.

ఫలానా ఆకు, ఫలానా కషాయం అని ఫార్వర్డులు కూడా దానికి పంపకండి. మీరు ప్రేమతోనే పంపుతారు. అది అర్ధరాత్రి అవన్నీ చదివి, ఇది ఇవ్వకపోవడం వల్ల నేనే చంపుకుంటున్నానేమో అని భయపడుతుంది. ఒక బంధువు స్టెరాయిడ్ మంచిది కాదు, ఆపెయ్యమన్నాడు. రెండు పూటలు ఆపింది కూడా, తలనొప్పి తిరగబెట్టింది, ఆస్పత్రికి పరుగెత్తాం. ఆ మందు హఠాత్తుగా ఆపకూడదు, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, అది డాక్టరు పని.

ఇక ఇప్పుడు. రేడియేషన్ అయిపోయింది కదా, ఇంకేముంది అనుకుంటున్నారు చాలామంది. అసలు చాకిరీ ఇప్పుడే. ఈ నెల నుంచి కీమో మాత్రలు 28 రోజులకోసారి వరసగా ఐదు రోజులు, డోసు ముందుకంటే రెట్టింపు. ఇలా ఆరు విడతలు, అన్నీ సవ్యంగా జరిగితే డిసెంబరు దాకా. ప్రతి విడతకి ముందు రక్తపరీక్ష, ప్లేట్‌లెట్లు లక్ష ఉంటేనే మందు మొదలుపెడతారు, లేకపోతే ఆగాలి. మరీ పడిపోతే ఎక్కించాల్సి వస్తుంది. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకి మించి నిల్వ ఉండవు, ముందే తెచ్చి పెట్టుకునే వీలు లేదు, మనుషులే సిద్ధంగా ఉండాలి. ఇస్తామన్నవాళ్ళు బ్లడ్ గ్రూపు, మీరుండే ఏరియా నాకు పంపండి, ఒక లిస్టు పెట్టుకుంటాను. ఇప్పటికి నలుగురున్నారు, కనీసం పది కావాలి.

మొదటి స్కాన్ తీశారు. అందరూ ‘తగ్గిందా?’ అని అడుగుతున్నారు. రేడియేషన్ అయిన మొదటి మూడు నెలల్లో దానివల్ల వచ్చే వాపే గడ్డ పెరిగినట్టు కనపడొచ్చట, అందుకని ఈ స్కాన్‌ని బట్టి ఏమీ తేల్చలేం, తర్వాతది చూద్దామన్నారు. దానికి కూడా ఇంతకంటే తెలియదు. అడగకండి, తెలిస్తే నేనే చెప్తాను.

కూర్చుని మాట్లాడేవాళ్ళు కావాలి. అన్నయ్యకి మాట మెరుగుపడాలంటే రోజూ అభ్యాసం ఉండాలని స్పీచ్ థెరపీ అమ్మాయి చెప్పింది. బొమ్మలు చూపించి పేరు అడగాలి, వెంటనే అందించకుండా కాస్త ఆగాలి, ఆయన కష్టపడుతుంటే జాలిగా చూడకూడదు. షెడ్డు కుర్రాడు ఆదివారం ఆదివారం టూల్‌బాక్స్ తెచ్చి మంచం మీద ఒక్కొక్కటే పరిచి అడుగుతున్నాడు. ప్లయర్ వచ్చింది. స్క్రూడ్రైవర్ వచ్చింది. స్పానర్ ఇంకా రాలేదు. ఎవరికైనా సాయంత్రం గంటసేపు కుదిరితే రండి. జలుబు, దగ్గు ఉంటే మాత్రం ఆ వారం రావొద్దు, ఆయన రక్తంలో బలం తక్కువ.

క్యారేజీలు ఇంతకుముందులాగే. సోమ, మంగళ, బుధ, శుక్రవారాలు పేర్లు పడ్డాయి, శని ఆదివారాలు నేనూ మా చెల్లీ చూసుకుంటాం. గురువారాలు ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఖాళీగానే ఉన్నాయి. మధ్యాహ్నం ఒక పూట, ఐదుగురికి. షుగర్ ఉంది కాబట్టి తీపి వద్దు, కారం తగ్గించండి, బీరకాయ, సొరకాయ, ముద్దపప్పు, చారు ఏదైనా ఫరవాలేదు. పచ్చి సలాడ్లు, బయట కోసిన పళ్ళు పంపొద్దు, వేడిగా వండింది చాలు. క్యారేజీ అడుగున గోళ్ళరంగుతో మీ పొడి అక్షరం రాయండి, పోయిన నెల మూడు గిన్నెలు తారుమారయ్యాయి, దాన్ని అది తలచుకుని తలచుకుని బాధపడింది.

నా నెంబరు మీ అందరి దగ్గరా ఉంది. దానికి ఫోన్ చెయ్యకండి, నాకు చెయ్యండి. ఈ విడత మాత్రలు సోమవారం మొదలవుతాయి, కాబట్టి మొదటి గురువారం ఎవరిదో ఆదివారం రాత్రికల్లా నాకు తెలియాలి.